ఫోన్ చేయకూడని వారం

మా బడిలో వర్క్‌షాపు పైన ఒక గది ఉంది. ఒకప్పుడు అందులో విరిగిన బెంచీలు పడేసేవాళ్ళు. పిల్లల పై చదువుల సంగతి చూసే గైడెన్స్ మేడమ్ వచ్చాక దాన్ని ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, రెండు ఇనప మంచాలు, ఒక కరెంటు పొయ్యి, బకెట్టు, బట్టలారేసుకునే తీగ పెట్టించింది. ఆఖరి సంవత్సరం పిల్లలు ఇద్దరిద్దరుగా అందులో వారం రోజులు ఉండాలి. పగలు మామూలుగా క్లాసులకి వస్తారు. మిగతా వేళ వండుకోవాలి, ఉతుక్కోవాలి, ఎవరూ లేపకుండా లేవాలి, పక్క మంచం మీదవాళ్ళతో సర్దుకుపోవాలి. రేపు కాలేజీ హాస్టల్లో బెంగ పెట్టుకుని కూర్చోకుండా ఇప్పుడే అలవాటు కావాలని ఆవిడ ఉద్దేశం. పిల్లలు ఆ గదికి అత్తారిల్లు అని పేరు పెట్టారు. "ఈ వారం అత్తారింట్లో ఉంటున్నా సార్, హోంవర్కు అడక్కండి" అని మూతి మీద మీసం మొలుస్తున్న కుర్రాళ్ళు కూడా నాతో అనేవాళ్ళు.

నేను లెక్కల మాస్టార్ని. ఇలాంటివి నా ఒంటికి పడవు. త్రికోణమితి రానివాడికి గుడ్డు ఉడకబెట్టడం వస్తే ఏం ఒరుగుతుందని స్టాఫ్ రూములో అనేవాణ్ణి. "మీరెప్పుడు నేర్చుకున్నారు సార్, గుడ్డు ఉడకబెట్టడం?" అని ఆవిడ చాలా వినయంగా అడిగేది. నాకు ఇప్పటికీ రాదు, ఆ సంగతి మా ఆవిడ పుణ్యమా అని బడంతా తెలుసు. కానీ ఉన్నమాట చెప్పుకోవాలి. మేడమ్ రాకముందు మా దగ్గర్నుంచి దూరం కాలేజీలకు వెళ్ళినవాళ్ళలో చాలామంది మొదటి సెలవులకే మూటా ముల్లె సర్దుకుని వచ్చేసేవాళ్ళు. చదువు రాక కాదు, ఉండలేక. ఆవిడ వచ్చాక అది తగ్గిపోయింది. అది నా కళ్ళతో చూశాను కాబట్టి నోరు మూసుకున్నాను.

ఒక్క విషయంలో మాత్రం ఆవిడ ఎవరు చెప్పినా వినేది కాదు. ఆ గదిలోకి ఫోన్ వెళ్ళకూడదు. మెట్లెక్కేముందే పిల్లల ఫోన్లు రేకు డబ్బాలో వేయించి, తాళం తన దగ్గర పెట్టుకునేది. ఆ వారం ఇంటివాళ్ళని చూడకూడదు, మాట్లాడకూడదు. బెంగంతా ఫోన్లోంచే వస్తుందని ఆవిడ సిద్ధాంతం.

ఆ ఏడాది ఆఖరి తరగతిలో టేపు ఉండేది. టైలరు గారి పెద్దమ్మాయి. చిన్నప్పటి నుంచీ తండ్రి కొలతల టేపు మెడలో వేసుకుని తిరిగేది కాబట్టి ఆ పేరు పడిపోయింది. దేన్ని చూసినా కొలిచేది. నల్లబల్ల కొలిచింది, నా బల్ల కొలిచింది, ఒకసారి నిద్రపోతున్న వాచ్‌మన్ని కొలిచి తన్నులు తినబోయింది. తల్లి లేదు. చెల్లెలు పాకే వయసులో ఉన్నప్పుడే పోయింది. ఆ చెల్లెల్ని ఇంట్లోనూ బడిలోనూ బుడ్డది అనే పిలుస్తారు. మా ఆవరణలోనే చిన్న తరగతులు చదువుతుంది. అక్క వెనకే వచ్చి, అక్క వెనకే వెళ్ళేది.

టైలరు గారి దుకాణం అంటే వాళ్ళింటి ముందు గదే. నా ప్యాంట్లన్నీ ఆయన చేతిలో నుంచి వచ్చినవే. ఏటా నడుము వదులు చేయమని వెళితే, "మాస్టారూ, గుడ్డ అయిపోయింది, ఇక మీరే తగ్గాలి" అనేవాడు. తక్కువ మాటల మనిషి. కూతురి చదువు సంగతెత్తితే మాత్రం మిషను ఆపేసి కూర్చునేవాడు.

టేపుకి ఇళ్ళు కట్టే చదువు చదవాలని కోరిక. ఆ కాలేజీ చాలా దూరం. సీట్లు తక్కువ, ఇంటర్వ్యూ ఉంటుంది. మేడమ్ ఆ పిల్లని సాయంత్రాలు కూర్చోబెట్టి తయారు చేసింది. ఇంటర్వ్యూ చేసే పెద్దమనిషి వేషానికి నన్ను పిలిచింది. చిటపటలాడుతూ ఉండే మొహం నాదొక్కటే కాబట్టి నేనే సరిపోతానంది.

"ఈ కోర్సే ఎందుకమ్మా? వేరేవి లేవా?" అని నేను వీలైనంత కటువుగా అడిగాను.

"మా వంటింటి గుమ్మం మా నాన్న భుజాల కన్నా ఇరుకు సార్," అంది. "రోజూ పక్కకి తిరిగి లోపలికొస్తాడు. ఆ ఇల్లు కట్టినాయన గోడ కొలిచాడు గానీ, లోపల ఉండేవాళ్ళని కొలవలేదు. నేను మనుషుల్ని కొలిచి కడతాను."

నేను మేడమ్ మొహం చూశాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఇది ఎవరూ నేర్పిన జవాబు కాదు. సీటు వచ్చింది, హాస్టలుతో సహా. బడి నుంచి ఒక్క కాగితం పంపాలన్నారు. ఈ పిల్ల ఇల్లు వదిలి ఒంటరిగా ఉండగలదని మేడమ్ రాసివ్వాలి. అత్తారింట్లో వారం ఉండి బయటపడితే తప్ప ఆవిడ ఎవరికీ అలా రాసివ్వదు. ఆ సంగతి తల్లిదండ్రులందరికీ తెలుసు.

ఆ వారాలు మొదలయ్యే ముందు తల్లిదండ్రుల్ని పిలిచి ఆవిడ మాట్లాడింది. వెనక వరసలో నేనూ ఉన్నాను. ఆవిడ మంచి మాటకారి. ఎవరి అమ్మ ఏ వంకతో ఫోన్ చేస్తుందో నటించి చూపిస్తుంటే జనం పడీ పడీ నవ్వారు. పాలు విరిగిపోయాయమ్మా, నీ నీలం చొక్కా ఎక్కడుందమ్మా, పిల్లి అన్నం తినట్లేదమ్మా. చివర్లో చూపుడువేలు పైకెత్తి, "ఈ వారంలో ఫెయిలయ్యేది పిల్లలు కాదండీ, మీరు. ఏ ఇంటి నుంచి ఫోన్ వస్తే ఆ పిల్ల ఇంకా తయారవలేదని నేను రాసేసుకుంటాను. మీ పిల్లల మీద ప్రేముంటే, ఏమొచ్చినా సరే, ఈ వారం నోరు కట్టేసుకోండి" అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. టైలరు గారు నవ్వలేదు, చప్పట్లూ కొట్టలేదు. కొలత చెబితే విని బుర్రలో పెట్టుకున్నట్టు తలాడించాడు. పక్కన బుడ్డది కూడా నాన్నను చూసి అచ్చం అలాగే తలాడించింది.

ఆదివారం సాయంత్రం టేపు మెట్లెక్కింది. వెళ్ళేముందు ఇంటికి కావలసినవన్నీ ఏర్పాటు చేసే వెళ్ళింది. తండ్రికి రక్తపోటు ఉంది. ఒక గుడ్డ పట్టీకి రోజుకొకటి చొప్పున చిన్న చిన్న జేబులు కుట్టి, వాటిల్లో మాత్రలు వేసి, గోడకి తగిలించింది. బుడ్డదానికి బియ్యం ఎన్ని పొయ్యాలో, నీళ్ళు ఎన్ని పొయ్యాలో చూపించింది. "నాన్న కన్నా అదే నయం మేడమ్, చెబితే వింటుంది" అని నవ్వింది.

వారం బాగానే మొదలైంది. తోటి పిల్ల గిన్నె మాడ్చి ఏడిస్తే టేపు తోమి పెట్టింది. కుంటి మంచం కాలు కింద అట్టముక్క పెట్టి సరిచేసింది. మంగళవారం సాయంత్రం బడి విడిచే వేళ దూరం నుంచి బుడ్డది చెయ్యూపింది. టేపు కూడా ఊపింది. మర్నాడు బుడ్డది కనిపించలేదు. ఆ మర్నాడు కనిపించింది గానీ, అక్క తనవైపు చూడగానే నీళ్ళ ట్యాంకు వెనక్కి పరుగెత్తి దాక్కుంది.

"చూశారా సార్, నా కన్నా అదే గట్టిగా ఉంది రూల్సు మీద," అని టేపు నాతో అంది. గొంతులో కాస్త చిన్నబుచ్చుకున్నట్టు వినిపించింది. "అది నాలుగు రోజులు నేను లేకుండా ఉంటుందనుకోలేదు."

"మరి? నువ్వు లేకపోతే ప్రపంచం ఆగుతుందనుకున్నావా?" అన్నాను. మేము అలాగే మాట్లాడుకుంటాం. నవ్వేసి వెళ్ళిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం నేను పరీక్ష పేపర్లు పట్టుకుని వర్క్‌షాపు మీదుగా వెళుతున్నాను. మెట్ల కింద బుడ్డది నిలబడి ఉంది. మొదటి మెట్టు మీద ఒక కాలు పెట్టి, తీసేసి, మళ్ళీ పెడుతోంది. జడ ఎవరూ వెయ్యలేదు. గౌను గుండీలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి.

"ఏమే, ఇక్కడేం చేస్తున్నావు? క్లాసు లేదూ?"

"ఊరికే సార్."

"అక్క కావాలా?"

గబుక్కున కాలు వెనక్కి తీసుకుంది. "వద్దు సార్. నేను అడగలేదు. నేనేం అడగలేదు కదా సార్?"

నాకు నవ్వొచ్చింది. లేదులే, అడగలేదు పో అన్నాను. అది పోలేదు. నా చేతిలో పేపర్ల వైపు చూస్తూ నెమ్మదిగా అంది.

"సార్, ఎవరికైనా మూతి ఇలా అయిందనుకోండి." వేలితో తన పెదవి మూల కిందికి లాగి చూపించింది. "ఆదివారానికి తగ్గిపోతుందా?"

పేపర్లు ఎక్కడ పడేశానో గుర్తులేదు. దాని చెయ్యి పట్టుకుని గేటు దాటి పరుగులాంటి నడక నడిచాను. నా వయసుకి అది పరుగే. దారిలో అది రొప్పుతూ, "అక్కకి చెప్పొద్దు సార్, నాన్న చెప్పొద్దన్నాడు" అని మళ్ళీ మళ్ళీ అంటూనే ఉంది.

దుకాణం తెర దించి ఉంది. ఆయన మిషను ముందు కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి ఒళ్ళో వాలిపోయి ఉంది, తనది కానట్టు. ఎడమ చేత్తో సూదిలోకి దారం ఎక్కించాలని చూస్తున్నాడు. నన్ను చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు. మూతి ఒక పక్కకి జారింది. చొంగ కారిన చోట చొక్కా తడిసింది.

"ఎప్పుడైంది?" అని అరిచాను. ఆయన ఏదో అన్నాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"బుధవారం పొద్దున సార్," అని బుడ్డది చెప్పింది. "ఇంక రెండు రోజులే కదా అంటున్నాడు. ఆదివారం అక్క వచ్చేస్తుంది కదా, అప్పుడు వెళదాం అంటున్నాడు."

"పక్కింటివాళ్ళని పిలవచ్చు కదమ్మా."

"వాళ్ళు బడికి ఫోన్ చేసేస్తారు సార్."

గోడకి గుడ్డ పట్టీ వేలాడుతోంది. బుధవారం జేబు ఖాళీ. గురువారం జేబు ఖాళీ. శుక్రవారంది కూడా ఖాళీ. మాత్రలు ఒక్కపూట మానలేదు. వంటింట్లో గిన్నెలో అన్నం ఉంది, మెత్తగా, సరిగ్గానే ఉడికింది. అక్క చెప్పిందంతా ఆ పసిది తు.చ. తప్పకుండా చేసింది. నాకు అక్కడే కూలబడి ఏడవాలనిపించింది.

ఆస్పత్రిలో డాక్టరు బుడ్డదాని ఎదురుగానే అడిగాడు, ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారని. పక్షవాతం వచ్చిన గంట రెండు గంటల్లో తెచ్చుంటే చాలావరకు తిప్పుకునేవాళ్ళం, ఇప్పుడు కుడి పక్క ఎంత తిరిగొస్తుందో చెప్పలేం, పెద్దగా ఆశ పెట్టుకోకండి అన్నాడు. టైలరు కుడి చెయ్యి.

కబురందగానే మేడమ్, టేపు కలిసి వచ్చారు. టేపు మంచం పక్కన నిలబడి తండ్రి చెయ్యెత్తింది. వదిలేసింది. అది పడిపోయింది. మళ్ళీ ఎత్తి, ఈసారి వదలకుండా పట్టుకుంది. ఆయన మాత్రం కూతురి వైపు చూడటం లేదు. మేడమ్ వైపే చూస్తున్నాడు. గొంతులోంచి ఏవో చప్పుళ్ళు చేస్తున్నాడు, మెడ నరాలు ఉబ్బుతున్నాయి. ఎవరికీ అర్థం కాలేదు. ఆ మూడు రోజుల్లో ఆ మాట అలవాటైంది బుడ్డదానికొక్కదానికే.

"మేము ఫోన్ చెయ్యలేదు కదా, అక్క పాసైనట్టేనా అని అడుగుతున్నాడు మేడమ్."

మేడమ్ గోడకి చేరబడింది. ఎప్పుడూ మాటకి తడుముకోని మనిషి, ఆ ఒక్క మాట కోసం వెతుక్కుంది.

"పాసైందండీ," అంది. "ఫస్టుగా పాసైంది."

ఆయన తల దిండు మీద వాల్చాడు. మొహంలో కదిలే సగం నవ్వింది.

తరవాతి రోజుల్లో మేడమ్ చెయ్యని ప్రయత్నం లేదు. కాలేజీకి ఫోన్ మీద ఫోన్ చేసింది. వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. సీటు ఆపడం కుదరదు, చేరవలసిన తేదీకి రాకపోతే తరవాతివాళ్ళకి వెళ్ళిపోతుంది, వచ్చే ఏడు మళ్ళీ ప్రయత్నించమనండి అన్నారు. బుడ్డదాన్ని తన ఇంట్లో ఉంచుకుంటానంది మేడమ్. మరి తండ్రిని ఎవరు లేపాలి, ఎవరు కడగాలి, ఎవరు ముద్ద పెట్టాలి? చుట్టాలంటూ వచ్చినవాళ్ళు పళ్ళు పెట్టి, అయ్యో అని, చీకటి పడకముందే లేచారు.

ఒకరోజు స్టాఫ్ రూములో నేను ఆగలేకపోయాను. "ప్రాణం మీదకొస్తే ఫోన్ చెయ్యండి అని ఒక్క ముక్క అనాల్సింది" అన్నాను. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఎవరి మీదో ఒకరి మీద విరుచుకుపడాలి, ఆవిడ ఎదురుగా ఉంది.

ఆవిడ కోపం తెచ్చుకోలేదు. "అది కూడా చెప్పాలని మీకు తోచేదా సార్?" అని అడిగింది. "నిజంగా అడుగుతున్నాను. ఒక తండ్రి ఆ మాటని అంత గట్టిగా పట్టుకుంటాడని ఎవరికైనా తోస్తుందా?"

నాకూ తోచేది కాదు. అదే మాట చెప్పాను. ఆవిడకి దాని వల్ల ఏమీ ఒరగలేదు. ఆ వారమే పై గదికి తాళం వేయించింది. ఇప్పుడు మళ్ళీ అక్కడ విరిగిన బెంచీలు పడేస్తున్నారు.

చేరవలసిన తేదీ నాడు నాకు ఎటూ తోచక దుకాణం వైపు నడిచాను. చంకలో ఒక ప్యాంటు పెట్టుకెళ్ళాను, నడుము వదులు చెయ్యాలని వంక. లోపల దుమ్ము. తాపీమేస్త్రీ వంటింటి గుమ్మం పక్క గోడ కొడుతున్నాడు. టేపు పక్కన నిలబడి సుద్దతో గీత గీసి, "ఇక్కడిదాకా రావాలి, చక్రాల కుర్చీ, దాన్ని తోసే మనిషి మోచేతులు కూడా పట్టాలి" అని చెబుతోంది. మెడలో అదే టేపు. ఇంటర్వ్యూలో చెప్పిన గుమ్మమే అది. ఆ పిల్ల కట్టబోయేవాటన్నిట్లోకీ మొదటిదీ ఆఖరిదీ ఆ గుమ్మమే అవుతుందని నాకు అప్పుడే తెలిసిపోయింది. వచ్చే ఏడు, వచ్చే ఏడు అని అందరం అంటున్నాం. దానికి వచ్చే ఏడంటూ ఏముంది?

టైలరు గారు చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బీరువా మీద కాలేజీకి సర్దిన సంచి అలాగే ఉంది. దాన్ని దింపనివ్వడట. దింపబోతే ఎడమ చెయ్యి విసురుతాడట.

టేపు నా దగ్గర ప్యాంటు తీసుకుని, కుట్లు విప్పి, మిషను ముందు కూర్చుంది. "గుడ్డ అయిపోయింది సార్," అంది. "ఇక మీరే తగ్గాలి."

తండ్రి మాటే అది. నవ్వుదామని చూశాను, నావల్ల కాలేదు.

బుడ్డది కింద కూర్చుని కూడికలు చేసుకుంటోంది. పెన్సిలు ఆపి, నా వైపు చూసింది.

"సార్, ఒకటడగనా? ఆ బుధవారం నేను పైకి వెళ్ళి అక్కకి చెప్పేసుంటే, అక్క ఫెయిలయ్యేదా?"

ముప్పయ్యేళ్ళుగా తప్పు జవాబుని ఒప్పు అన్నవాణ్ణి కాదు నేను. ఫెయిలయ్యేది కాదు అని చెబితే, ఆ పసిది బతికినన్నాళ్ళూ ఆ మెట్ల కిందే నిలబడి ఉంటుంది. మిషను చప్పుడు ఆగిపోయింది. టేపు వెనక్కి తిరగలేదు.

"అవును," అన్నాను. "ఫెయిలయ్యేది."

బుడ్డది అక్క వైపు చూసింది. "నిజమా అక్కా?"

టేపు సూది కింద గుడ్డ సరిచేసుకుంది.

"నిజమే," అంది. "ఫెయిలయ్యేదాన్ని. నువ్వు చెప్పకపోవడమే మంచిదైంది."

బుడ్డది ఊపిరి వదిలి, మళ్ళీ కూడికల మీదికి వంగింది. మిషను తిరగడం మొదలైంది.